అంచున కూర్చునే మామ్మ

మా చింతలపూడి మామ్మ ఎక్కడ కూర్చున్నా అంచునే కూర్చునేది. ఇంట్లో పీట మీదైనా, మామిడితోటలో నులక మంచం మీదైనా ఆమె బరువంతా కాళ్ళ మీదే ఉండేది. తాతయ్యకి పినతల్లి కూతురు. భర్త పోయాక పది రోజులుండి వెళ్తానని నూజివీడు వచ్చి, మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఎనభైల్లో, నేను ఇంటర్ బైపీసీ చదువుతున్నప్పుడు, ఒక ఏడు కాపు సరిగ్గా రాలేదు. తొలకరి పడగానే తాతయ్య చెట్లమీది బదనికలన్నీ నరికించారు. చిన్నరసం చెట్టు కిందికొమ్మ మీదున్న పూలమొక్కనీ కొట్టెయ్యమంటే నేను అడ్డం వెళ్ళాను.

"ఇది బదనిక కాదు తాతయ్యా, చెట్టు రసం తాగదు. వేళ్ళు చూడండి, గాల్లోనే ఉన్నాయి. నిన్నటిదాకా తెల్లగా ఉన్నవి వానకి తడిసి పచ్చబడ్డాయి. ఆ నీళ్ళే మందపాటి ఆకుల్లో దాచుకుని ఎండాకాలమంతా బతుకుతుంది. చెట్టునేమీ అడగదు, ఊరికే కూర్చుంటుందంతే."

మజ్జిగ చెంబుతో మంచం అంచున కూర్చున్న మామ్మ మొహం విప్పారింది. కాస్త వెనక్కి జరిగి, నిండుగా కూర్చుంది.

"పాపం, దాన్నుండనివ్వు అన్నయ్యా," అంది.

తాతయ్య నవ్వేశారు. "ఊరికే కూర్చుంటే మాత్రం కొమ్మకి బరువు కాదేంటే?"

ఆయన మొక్క గురించే అన్నారు. మొక్కని ఉంచేశారు కూడా. మామ్మే లేచి నిలబడింది. ఆ మధ్యాహ్నం మేమంతా ఆ చెట్టు కిందే కూర్చుని అన్నాలు తింటుంటే, "కాళ్ళు పట్టేశాయర్రా, నిలబడితేనే హాయి" అంటూ, చెట్టుకైనా ఆనుకోకుండా నిలబడే ఉంది.