ఉప్పునీళ్ల గడియారం

వేలూరు కాలేజీలో బ్యాటరీల మీద పరిశోధన చేసే వినోదిని చీర కొంగుకు ఎప్పుడూ ఉప్పు మరకలే. కొత్తగా వస్తున్న సెల్‌ఫోన్ల కోసం అందరూ లిథియం వెంట పడుతుంటే, ఉప్పులోని సోడియంతోనే చవగ్గా కరెంటు దాచవచ్చని ఆమె బస్సులో పక్కవాళ్లకు కూడా చేతులు తిప్పుతూ చెబుతుంది. తోటివాళ్లు నవ్వినా పట్టించుకోదు. గుడియాత్తంలో చీరలు నేసే తల్లి చౌడేశ్వరి నవ్వినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

"ఉప్పు రసంలోకి వేస్తారమ్మా. దాంట్లో కరెంటు యాడ వస్తాది?"

ఆదివారం వినోదిని రెండు గ్లాసుల్లో ఉప్పునీళ్లు పోసి, రాగి, జింకు రేకులు ముంచి, బ్యాటరీ అయిపోయి ఆగిన గోడ గడియారానికి తీగలు కలిపింది.

"నా బ్యాటరీ ఇది కాదు మా. ఉప్పు సత్తా ఊరికే చూడు."

ముల్లు కదిలింది. చౌడేశ్వరి మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, చెవి ఆనించి విని, పకపకా నవ్వింది.

"మన ఇంటి ఉప్పు తినింది గదమ్మా, విశ్వాసంగా తిరక్కుండా యాడికి పోతాది!"