తెడ్డు నా చేతిలోనే ఉంది

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పను.

ఇది నాకు జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు. కల కాదు. మా అమ్మ బైబిలు తెచ్చి ఎదురుగా పెట్టండి, దాని మీద చెయ్యేసి చెబుతాను. అదీ చాలదంటే నా ఉద్యోగం మీద ఒట్టు. నెల్లూరులో కాలేజీ పిల్లలకు సముద్ర జీవుల పాఠాలు చెప్పుకుని బతికే మనిషిని. సొరచేపల మీద పరిశోధన నా పని. క్లాసులో ఎవరైనా దయ్యం అన్న మాటెత్తితే తలుపు చూపించే రకం నేను. అలాంటిదాన్ని... ఆ రాత్రి పడవలో నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. చలికి కాదు.

ముందు పెద్దమ్మి గురించి చెప్పాలి. లేకపోతే నేను ఎందుకంత బెదిరిపోయానో మీకు అర్థం కాదు.

పెద్దమ్మి ఒక ఆడ సొర. ఆ పేరు పెట్టింది పోలయ్యన్న. ఇందుకూరుపేట వైపు సముద్రం ఒడ్డు పాలెంలో ఉంటాడు. చేపల వేట ఆయన బతుకు. నన్ను పరిశోధనకు సముద్రం మీదికి తీసుకెళ్లేది ఆయన పడవే. ఒకసారి ఆయన వలలో నిండు కడుపుతో ఉన్న సొర పడింది. ఒడ్డుకు తెస్తే కొనేవాళ్లు ఎగబడతారు. తేలేదు. నాకు ఫోన్ చేసి, నేను ఇంకో పడవలో వెళ్లేదాకా దాన్ని నీళ్లలోనే తాళ్లతో పట్టుకుని ఉన్నాడు. దాని వీపు మీది రెక్కకు నేను ట్యాగ్ బిగించాను. చిటికెన వేలంత ఉంటుంది. నీళ్లలో ఉన్నంతసేపూ టిక్ టిక్ మంటుంది. మామూలు చెవికి వినబడదు. నీళ్లలోకి మైకు దించి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే వినబడుతుంది. దగ్గరైతే గట్టిగా, దూరమైతే సన్నగా. అది ఏ ట్యాగో, దాని నంబరు చేతిలోని పెట్టె మీద కనబడుతుంది. ఒక నంబరు ఒక్క ట్యాగ్‌కే.

పోలయ్యన్న వల కోసి మరీ దాన్ని వదిలాడు. "పోమ్మే పెద్దమ్మీ, పోయి బిడ్డల్ని కను" అని తోక మీద మెల్లగా చరిచాడు. కూతుర్ని అత్తారింటికి పంపినట్టు చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

కొన్ని నెలలకు పెద్దమ్మి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కోసి చూశాను. కడుపు ఖాళీ. అప్పటికే ఈనేసింది. ఆ మాట చెబితే పోలయ్యన్న కళ్లు తుడుచుకుని, "సాల్లేమ్మా" అన్నాడు. ఇద్దరం కలిసి ఇసుకలో గొయ్యి తీసి పూడ్చిపెట్టాం. రెక్కకున్న ట్యాగ్ మాత్రం విప్పి తెచ్చుకున్నాను. పిల్లలకు చూపించడానికి. అప్పట్నుంచి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా బకెట్లో నీళ్లు పోసి, ట్యాగ్ అందులో వేసి, వినిపించేదాన్ని. ఆ రాత్రికి ముందు వారమే వినిపించాను. చక్కగా పలికింది. మళ్లీ గాజు సీసాలో వేసి, ల్యాబ్ బీరువాలో పెట్టి, తాళం వేశాను. గుర్తుపెట్టుకోండి. సీసా నెల్లూరులో... తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో.

సరే. ఆ రోజు సంగతి.

సముద్రం అడుగున సిమెంటు దిమ్మకు ఒక రికార్డరు కట్టి ఉంచుతాం. ట్యాగ్ ఉన్న సొరలు ఎప్పుడు అటు వచ్చిందీ అది దాచిపెట్టుకుంటుంది. దాన్ని పైకి తీసుకురావడానికి మధ్యాహ్నం బయల్దేరాం, నేనూ పోలయ్యన్నా. ఆనవాలుకు దాని తాడు కొసకు కట్టిన, నీళ్ల మీద తేలే తెల్ల బెండు ఎంత వెతికినా కనబడదు. తీరా దొరికేసరికి పొద్దు గుంకింది. చూస్తే, ఎవరో పారేసిన పాత వల కొట్టుకొచ్చి దాని చుట్టూ చుట్టుకుపోయి ఉంది. ఇద్దరం కలిసి లాగాం. కదల్లేదు.

"రేపు వద్దాం అన్నా" అన్నాను.

"రేపటికి యాడుంటాదమ్మా? ట్రాలర్లు ఈడ్చకపోతాయి. అడుగున కోసేస్తే అదే వస్తాది. దిగతా."

"చీకటి పడుతోంది. వద్దు."

"సీకటైతే నాకేంది? లైటుండాది గదా. నువ్వు గమ్మున కూర్చోని తెడ్డు పట్టుకో."

తెడ్డు సంగతి చెప్పాలి. నీళ్లలో మునిగిన మనిషికి పైనుంచి కేక వినబడదు. అందుకని వాళ్ల పాలెంలో ఒక పద్ధతుంది. పడవ అంచు మీద తెడ్డుతో వరసగా మూడు దెబ్బలు కొడితే... ఉన్నపళంగా పైకి రావాలి. చేతిలో ఏ పనున్నా సరే. చిన్నప్పటి నుంచి వాళ్లకు అలవాటు. వలల మధ్య తాడు చుట్టుకుంటే ప్రమాదమని ఆయన నడుముకు తాడు కట్టుకోడు. ఆయనకూ నాకూ మధ్య ఉన్నది ఆ తెడ్డు ఒక్కటే.

ఆయన దిగే ముందు నేను మైకు నీళ్లలోకి వదిలి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. మనిషి నీళ్లలో ఉన్నప్పుడు ట్యాగ్ ఉన్న సొర ఏదైనా దగ్గరికొస్తుందేమోనని. అది నా పద్ధతి. ఏమీ లేదు. అడుగున ఉండే రొయ్యల చిటపట మాత్రం... నూనెలో ఆవాలు వేసినట్టు.

లోతు ఎక్కువేం కాదు, నాలుగు నిలువులు. ఒకసారి మునిగి తేలాడు. ఇంకోసారి. "పీకలదాకా చుట్టుకోనుండాదమ్మా, మా ఆడోళ్ల గొడవ మాదిరి" అని నవ్వి, ఊపిరి బిగించి మళ్లీ మునిగాడు. తల లైటు పచ్చగా కాసేపు కనిపించింది. తర్వాత మసకైంది. తర్వాత... లేదు.

గాలి లేదు. అల లేదు. దూరంగా మైపాడు వైపు లైట్లు రెండు మూడు మినుకుమంటున్నాయి.

టిక్.

సన్నగా వినబడింది.

టిక్... టిక్టిక్... టిక్.

నాకు ముందు భయం వేయలేదు. సంతోషమేసింది. ట్యాగ్ ఉన్న సొర ఏదో వచ్చింది! ఎవరా అని పెట్టె వైపు చూశాను. నంబరు పడింది.

చూశాను.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను.

ఆ నంబరు నాకు నా ఫోన్ నంబరు కన్నా బాగా గుర్తు. ప్రతి బ్యాచ్‌కూ బోర్డు మీద రాసేది అదే. పెద్దమ్మి నంబరు.

మైకు మెల్లగా తిప్పాను. సముద్రం వైపు నుంచి వస్తోంది. టిక్టిక్. కొంచెం గట్టిగా. పడవ ముందు వైపుకు మారింది. తర్వాత ఒడ్డు వైపు. తర్వాత వెనక. చుట్టూ తిరుగుతోంది... ప్రతి చుట్టుకూ దగ్గరవుతోంది. చివరికి చెవుల్లో సుత్తితో కొట్టినంత గట్టిగా. సరిగ్గా నా కాళ్ల కింద. పోలయ్యన్న ఉన్న చోట.

తెడ్డు ఎత్తాను.

ఎత్తి... ఆగిపోయాను.

ఎందుకో తెలుసా? సొరలు దెబ్బల శబ్దానికి వస్తాయి. దబ్ దబ్ మని నీళ్లలో చప్పుడైతే, గాయపడ్డ చేప కొట్టుకుంటోందనుకుని చూడ్డానికి వస్తాయి. నేనే క్లాసులో బల్ల చరిచి చూపిస్తాను. కింద నిజంగా సొర ఉంటే... నేను తెడ్డు కొడితే... దాన్ని నా చేత్తో ఆయన మీదికి పిలిచినట్టే. కొట్టకపోతే ఆయనకు తెలిసే దారే లేదు. కొట్టాలా? మానాలా? నా చదువు ఒకటి చెబుతోంది, ఆయన పాలెం పద్ధతి ఒకటి చెబుతోంది. తెడ్డు గాలిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ప్రార్థన మొదలుపెట్టాను. "ప్రభువా" తర్వాత ఏమనాలో గుర్తు రాలేదు. ఆయన భార్య బయల్దేరేటప్పుడు మాకు కట్టిచ్చిన చద్దిమూట కాళ్ల దగ్గరుంది. ఆమెకు ఏం చెప్పాలి? ఆ ఒక్కటే బుర్రలో తిరిగింది.

టిక్ టిక్ ఆగిపోయింది.

అదే కాదు. రొయ్యల చిటపట కూడా ఆగింది. హెడ్‌ఫోన్ పాడైందేమోనని వేలితో తట్టి చూశాను. బాగానే ఉంది. సముద్రమే మూగబోయింది. అన్నేళ్లలో అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

భళ్లున నీళ్లు చిమ్మాయి. పోలయ్యన్న! పడవ అంచు పట్టుకుని ఒక్క ఊపున పైకొచ్చి పడ్డాడు. రొప్పుతున్నాడు.

"ఏందమ్మా... అంత బిన్నే పిలిచినావు? ఇంకొక్క ముడేగా ఉండాది."

"నేను పిలవలేదన్నా."

"తమాషాలొద్దమ్మా. తట్టినావు గదా, మూడుసార్లు. సెవుల్లో ఖంగుమనె."

"తట్టలేదన్నా. ఒట్టు."

ఆయన నా చేతిలోని తెడ్డు చూశాడు. ఇంకా గాలిలోనే పట్టుకుని ఉన్నాను. నా ముఖం చూశాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు.

అప్పుడు పడవ ఒరిగింది.

రికార్డరుకు కట్టి పడవ కొయ్యకు బిగించిన తాడు ఒక్కసారిగా కిందికి గుంజుకుంది. నీళ్లు లోపలికొచ్చాయి. "కొయ్యమ్మా! తాడు కొయ్!" అని అరిచాడు. ఆయన కత్తి అడుగునే పడిపోయింది. కూరలు కోసుకునే నా చిన్న చాకు సంచిలో ఉంటే తీసి కోశాను. తాడు సర్రున పోయింది. వలా, బెండూ, అన్నీ కలిసి మునిగిపోయాయి. అంత పెద్ద తెల్ల బెండు... కిందికి పోయింది. మేం చూస్తూనే ఉన్నాం. మళ్లీ తేలలేదు.

పోలయ్యన్న తన ఎడమ కాలు చూసుకున్నాడు. మడమ చుట్టూ వల కోసుకున్న ఎర్రటి గీత.

"నా కాలు అందులోనే ఉన్నింది" అన్నాడు మెల్లగా. "తట్టినావని... గుంజుకోని వచ్చేసినా."

ఒడ్డు చేరేదాకా నేను తెడ్డు వదల్లేదు. ఎవరైనా అడిగితే ఎందుకో చెప్పలేను.

తెల్లారి కాలేజీకి అందరికన్నా ముందు వెళ్లాను. బీరువా తాళం వేసే ఉంది. తీశాను. సీసా ఉంది. ట్యాగ్ అందులోనే ఉంది. పొడిగా, నేను పెట్టినట్టే. బకెట్లో నీళ్లు పోసి వేశాను. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

ఏమీ లేదు.

నీళ్లు మార్చాను. మైకు మార్చాను. కుర్చీ వేసుకుని, మొదటి గంట కొట్టేదాకా విన్నాను. దాని బ్యాటరీ అయిపోయింది. ముందు వారం చక్కగా పలికింది... ఇప్పుడు లేదు.

మీరు అనబోయేది నాకు తెలుసు. రెండు ట్యాగ్‌ల శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడితే పెట్టె తప్పు నంబరు చూపిస్తుంది. నిజమే, అలా జరుగుతుంది. పిల్లలకు నేనే చెబుతాను. కానీ ఒకసారి చూపిస్తుంది, రెండుసార్లు చూపిస్తుంది. చుట్టూ తిరిగినంతసేపూ అదే నంబరా? బ్యాటరీ ఏదో ఒకరోజు అయిపోవాల్సిందే, ఒప్పుకుంటాను. వలను అడుగు నీటి లాగుడు ఈడ్చుకుపోయి ఉండొచ్చు. ఊపిరి బిగబట్టినప్పుడు చెవుల్లో నెత్తురు కొట్టుకుంటుంది, పోలయ్యన్న విన్నది అదేనేమో. ఒక్కోదానికి ఒక్కో జవాబు ఉంది. అన్నీ కలిపి ఒకే చోట పెడితే మాత్రం నాకు నిద్ర పట్టదు.

ఇంకొకటి. పడవకు ఏం తగిలినా ఆ మైకులో నాకు వినబడాలి. మేకు పడినా వినబడుతుంది. ఆయనకు మూడు దెబ్బలు ఖంగుమని వినబడ్డాయి. నాకు నిశ్శబ్దం వినబడింది. ఒకే నీళ్లలో.

పోలయ్యన్నను ఏమనుకుంటున్నావని అడిగాను. వల అల్లుకుంటూ, "నీ చదువులో ఏముండాదో అది రాసుకోమ్మా" అన్నాడంతే. కానీ పెద్దమ్మిని పూడ్చిన చోట ఎవరో కొబ్బరికాయ కొట్టిన చిప్పలు చూశాను. నేను అడగలేదు.

పోయిన నెలలో కొత్త రికార్డరు పెట్టడానికి మళ్లీ వెళ్లాం. ఈసారి పట్టపగలే. ఎండ మాడ్చేస్తోంది. పోలయ్యన్న నీళ్లలో దిగి, పడవ అంచు పట్టుకుని, ఒక్క క్షణం ఆగాడు. తెడ్డు తీసి నా చేతిలో పెట్టాడు.

"అమ్మా," అన్నాడు, "ఈసారన్నా నువ్వే తట్టు."

నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు.