పెద్ద దర్వాజా దగ్గర అడిగిన సెలవు

మా ముత్తాత పానగల్‌కు ఆవల పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్, తాత మాలీపటేల్, మా బాపు ఆ పదవులన్నీ పోయాక కూడా తలపాగా లేకుండా గడప దాటని మనిషి. ఆ రోజుల్లో ఆ ఊళ్లలో ఎవరు బతుకుతెరువుకు దూరం పోవాలన్నా మా గడీ పెద్ద దర్వాజా ముందు నిలబడి సెలవు అడిగి పోవలసిందే. ఇదంతా ఈ పొద్దు ఎందుకు గుర్తుకొచ్చిందంటే, యుద్ధం జరుగుతున్న ఏదో దేశంలోని మనవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన సూచనలు పత్రికలో చదివాను: రాగలిగినవారు వెంటనే తిరిగి రండి, ఉన్నవారు పాస్‌పోర్టు ఒంటిమీదే పెట్టుకోండి, కిటికీలకు దూరంగా ఉండండి. నా ఈడువాళ్లు అలాంటి వార్తను ఒకసారి చూసి పేజీ తిప్పేస్తారు. నేను తిప్పలేను.

తండ్రి పోయాక నేనే పెంచిన నా మనవరాలు అప్పట్లో యుక్రెయిన్‌లో డాక్టరు చదువు చదువుతుండేది. అదే కాలేజీలో మా ఊరి మేస్త్రీ కూతురు కూడా ఉండేది. ఆ మేస్త్రీ తండ్రి మా ఇంట్లో జీతం ఉన్నవాడు. యుద్ధం రావచ్చని, విమానాలు తిరుగుతుండగానే వచ్చేయమని మొదటి సూచన వెలువడగానే మేస్త్రీ తన బిడ్డను రప్పించుకున్నాడు. నా మనవరాలు ఫోన్ చేసి, నేనూ రావాలా తాతా అని అడిగింది. పరీక్షలు ముందు పెట్టుకుని, జీతగాని మనవరాలు జడిసి వచ్చిందని నువ్వూ వస్తావా, మన ఇంటివాళ్లు సగంలో వెనుదిరగరు అన్నాను. దర్వాజా ముందు నిలబడ్డ మనిషికి సెలవు లేదని మా తాత ఎంత సులువుగా చెప్పేవాడో అంత సులువుగా చెప్పాను. ఆమె అక్కడే ఉండిపోయింది. వారం తిరగకముందే బాంబులు పడ్డాయి, విమానాలు ఆగిపోయాయి.

హాస్టల్ నేలమాళిగలో దాక్కున్నామని మాత్రం చెప్పగలిగింది. ఆ తరువాత నా ఫోన్లోకి సూచనల మీద సూచనలు వచ్చాయి. ఒకటి కదలవద్దంటుంది, ఇంకొకటి పడమటి సరిహద్దుకు రైలు పట్టుకొమ్మంటుంది. ఏది పాటించమని చెప్పాలో తెలియక, ఆ ఊరూ ఆ దారులూ తెలిసినది ఇక్కడ ఒక్క మేస్త్రీ బిడ్డే కాబట్టి, నా జన్మలో ఎన్నడూ అడుగుపెట్టని వాళ్ల వాడలోకి మిట్టమధ్యాహ్నం కర్ర పట్టుకుని నడిచిపోయాను. వాళ్ల గడప బయట నా చెప్పులు నేనే విడిచాను. మా గడీకి వచ్చినప్పుడల్లా మేస్త్రీ తండ్రి తన చెప్పులు చేత పట్టుకుని నిలబడేవాడని నాకు సరిగ్గా అప్పుడే గుర్తు రావాలా!

మేస్త్రీ కంగారుగా కుర్చీ తుడుస్తూ, "మీరెందుకొచ్చిండ్రు దొరా, కబురు పంపితే మేమే రాకపోదుమా" అంటుంటే, అతని బిడ్డ, "నువ్వు జర ఊకో బాపూ. తాతా, ఫోన్ గిటియ్యి" అని నా చేతిలోంచి తీసుకుంది. ఆ ఇంట్లో నన్ను తాతా అన్నవాళ్లు అంతవరకు లేరు.

మూడుసార్లు చేస్తే కలిసింది. "ఒక్కదానివి పోకు, పదిమందితోని కలిసి టేషన్‌కు పో. పాస్‌పోర్ట్ లోపలి జేబుల పెట్టుకో. నంబర్లు కాగితం మీద రాసుకో, ఫోన్ సచ్చిపోతె ఏం జేస్తవే?" అని గడగడా చెప్పి, "పైన ఏం తొడుక్కున్నవ్?" అని అడిగింది. తాత ఇచ్చిన కోటు, అంది మనవరాలు.

అది మా తాత అమ్రాబాద్ అడవుల్లో వేటకు పోయేటప్పుడు తొడిగిన షికారు కోటు, ముదురాకుపచ్చ రంగుది, ఇత్తడి గుండీలది. ప్రయాణం నాడు, ఇది తొడిగినవాళ్లు ఎవరికీ తలవంచలేదని చెప్పి నేనే తొడిగించాను.

"పిచ్చిదానా! మిలట్రోళ్ల రంగు వేసుకోవద్దని రాసిండ్రు గదనే. దూరంకెల్లి చూస్తె సిపాయి అనుకుంటరు. దోస్తుల దగ్గర ఇంకో జాకెట్ అడుక్కొని, దాన్ని ఆడనే ఇడిచిపెట్టు!"

"తాత ఊకోడే" అన్న మాట స్పీకర్లోంచి నాకు స్పష్టంగా వినిపించింది.

ఆ పిల్ల ఫోన్ నా ముందు పెట్టింది. "నువ్వు చెప్తెనే ఇంటది తాతా. జల్ది చెప్పు, మల్ల లైన్ కట్ అయితది." పిల్ల ప్రాణం అక్కడ నేలమాళిగలో ఉంటే నా మనసు ఇంకా ఆ ఇత్తడి గుండీల దగ్గరే ఆగి ఉంది. చివరికి, "పారెయ్యి బిడ్డా. ఇంటికి రా" అన్నాను. మా వంశంలో ఇంత ఆలస్యంగా సెలవిచ్చినవాడు ఇంకొకడు ఉండడు.

మూడు రోజులు మాట లేదు. ఆ మూడు రోజులూ నేను మేస్త్రీ ఇంటి అరుగు మీదే కూర్చున్నాను, వాళ్లిచ్చిన చాయ్ తాగాను. నాలుగో నాటి పొద్దున సరిహద్దు దాటినట్టు కబురు వచ్చింది. ఎవరో ఇచ్చిన ఎర్ర జాకెట్‌తో మనవరాలు ఇల్లు చేరింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఊరు విడిచేవాళ్లు ఎవరినీ అడగరు, దుబాయికైనా బొంబాయికైనా ఫోన్లోనే టికెట్టు చూసుకుని పోతారు, ఎప్పుడు తిరిగి రావాలో కూడా వాళ్లే తేల్చుకుంటారు. అది మంచిదేనని ఒప్పుకుంటాను; అయినా సాయంత్రం పూట ఎవరైనా వచ్చి నిలబడ్డారేమోనని దర్వాజా వైపు చూసే అలవాటు నన్ను విడవలేదు. అక్కడ ఇప్పుడు తడిక ఉంది. మనవరాలు మిగిలిన చదువు వేరే దేశంలో పూర్తి చేయడానికి, ఆమె తిరిగొచ్చిన ఏటి ఎండాకాలమే చివరి రెండెకరాలూ, పెద్ద దర్వాజా టేకు తలుపులూ అమ్మేశాను.