లాట్ సాహెబ్ చేతి పట్టీ

పరీక్ష గదిలో బల్ల గుద్ది మరీ అడిగాను, "పిల్ల చదువుతో ఆటలేమిటి?" అని. ఈ సంగతి చర్చి మెట్ల మీద ముగ్గురికి విడివిడిగా చెప్పాను. మూడోవారి దగ్గరికి వచ్చేసరికి బల్ల విరిగింది.

నిజానికి ఆ గదిలో నేను గుద్దడానికి బల్లే లేదు. నేను మంచం మీద, నడుందాకా దుప్పటి కప్పుకుని పడుకున్న రోగిని. అదీ ఉత్తుత్తి రోగిని.

మా పైఅంతస్తు అమ్మాయి ఇక్కడ గురుగ్రామ్‌లోనే నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. మాదీ వాళ్లదీ సొంతూరు కాకినాడ వైపే, ఇక్కడ వెళ్లేదీ ఒకే చర్చి. ప్రాక్టికల్స్ ముందు కాలేజీలో బొమ్మ రోగికి చెయ్యి ఊడి మరమ్మతుకు పోయిందట. తెలిసిన పెద్దవాళ్లనెవరినైనా తెచ్చుకోమన్నారు. నన్ను ఎంచుకుంది, పాపం.

రెండు వారాలు మా ఇంట్లోనే సాధన. రోగి పేరు అడగాలి, చేతికి కట్టిన పట్టీ మీది పేరుతో సరిచూడాలి, అప్పుడే మాత్ర ఇవ్వాలి. మాత్రకు బదులు పిప్పరమెంటు. "మీ పేరు చెప్పండి" అన్నప్పుడల్లా నేనొకటి చెప్పేవాణ్ణి. ఒకరోజు రైలింజను, ఒకరోజు కాజా.

"సీరియస్‌గా ఉండండి తాతయ్యా, ప్లీజ్. పట్టీ చూడ్డం ఒక్కటి మరిచిపోతే మొత్తం ఫెయిల్. మిగతాదంతా కరెక్టుగా చేసినా సున్నాయే."

"అదేం లెక్కే?"

"వాళ్ల లెక్క అంతే. ఇంకొక్క ఛాన్స్ ఇస్తారు. అదీ పోతే మళ్లీ థర్డ్ ఇయర్."

పరీక్ష రోజున చేతులు కడుక్కుని ట్రే పట్టుకొచ్చింది. ట్రేలో గిన్నె గలగలలాడుతోంది. "మీ పేరు చెప్పండి" అంది. నేను చూడలేకపోయాను.

"లాట్ సాహెబ్" అన్నాను.

ఫక్కున నవ్వింది. గిన్నె గలగల ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే పిప్పరమెంటు నా నోట్లో పడింది. నా మణికట్టు మీది పట్టీని ఇద్దరం మరిచిపోయాం. మూల నిలబడి మార్కులు వేస్తున్న మేడమ్ మరవలేదు.

"పట్టీ చూడలేదు. ఫెయిల్" అంది ఆవిడ హిందీలో.

"మేడమ్, ఈయన నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు!"

"రేపు వార్డులో తెలియనివాళ్లుంటారు బేటా. నవ్వించేవాళ్లూ ఉంటారు. వాళ్లకూ సరైన మందే పడాలి."

అమ్మాయి నా వైపు చూసింది. తప్పు నాదనడానికి రెండు మాటలు చాలు. పిప్పరమెంటు చప్పరిస్తూ ఉండిపోయాను.

బయట మెట్ల మీద ఆడపిల్లలు గుంపుగా కూర్చుని ఉన్నారు. ఒకతె అర మార్కులో తప్పింది. ఇంకొకతె చేతులు కడుక్కున్నాక జుట్టు సర్దుకుని తప్పింది. "రోగి బతికాడా లేదా అడగరు యార్, గడిలో టిక్కు పడిందా అని అడుగుతారు" అంటోంది ఈ రెండో పిల్ల. నాకు ఆ పిల్ల మాట సబబుగా తోచింది. లోపల మేడమ్ మాటా సబబుగానే తోచింది. రెండూ ఎలా సబబవుతాయో మెట్రోలో ఇంటికి వచ్చేదాకా ఆలోచించినా తేలలేదు. తేలకనే కాబోలు, ఆదివారం చర్చి మెట్ల మీద బల్ల గుద్దాను.

ఆ సాయంత్రమే అమ్మాయి మా తలుపు కొట్టింది.

"బల్ల విరగ్గొట్టారంట కదా తాతయ్యా? అమ్మకి ఆంటీలు చెప్పారు."

"లేదమ్మా. నోరే విప్పలేదు" అన్నాను. "రేపే వెళ్లి మేడమ్‌కి చెబుతాను, తప్పు నాదని."

"చెబితే ఏమవుతుంది? నవ్వించింది మీరు. చూడాల్సింది నేను."

ఇది క్షమించడమో, తిట్టడమో అర్థం కాలేదు. "ఈసారి బుద్ధిగా ఉంటానే" అన్నాను.

"వద్దు. బొమ్మ బాగైపోయి వచ్చేసింది. రేపు రెండో ఛాన్స్ దాంతోనే."

"దానికి నోరు లేదుగా, పేరెవరు చెబుతారు?"

"మేడమ్ చెబుతారు. అదే మంచిది."

బొమ్మ మీద అసూయ పడే వయసు కాదు నాది. అయినా పడ్డాను.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "మీ పేరు చెప్పండి."

ఇంటిపేరుతో సహా చెప్పాను, బడిపిల్లాడిలా నిలబడి. నా చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూసింది.

"పట్టీ లేదు. మందు లేదు" అని, జేబులోని పిప్పరమెంటు తన నోట్లోనే వేసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.