పెద్దకొట్టులో పెరిగిన పిల్ల

ఆ నాలుగంతస్తుల దుకాణానికి బోర్డు మీద ఏదో పొడుగాటి పేరుండేది. ఆ పేరుతో ఎవరూ పిలిచినట్టు గుర్తులేదు. అందరికీ అది పెద్దకొట్టు. సూది దగ్గర్నుంచి సోఫా దాకా అన్నీ అక్కడే. ఏటా బడి తెరిచే ముందు అమ్మ నన్ను తీసుకెళ్లేది. తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే కొత్త గుడ్డల వాసన, ఫినాయిలు వాసన కలగలిసి ముక్కుకు తగిలేవి. లిఫ్టు నడిపే ముసలాయన ఇనుప జాలీ తలుపు లాగుతూ, "ఎక్కండమ్మా ఎక్కండి, పైకి పోయేవాళ్లంతా ఎక్కండి" అంటుంటే, "శుభమా అని బట్టలు కొనడానికొస్తే అదేం మాటయ్యా" అని అమ్మ కసురుకునేది.

మేం మొదటి అంతస్తులోనే దిగిపోయేవాళ్లం. అక్కడ పిల్లల బట్టల విభాగంలో మా పిన్ని పనిచేసేది. పిన్ని అంటే అమ్మ చెల్లెలు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం అంతస్తంతా మోగేది. బాబాయి సిటీ బస్సు డ్రైవరు. వాళ్లకు ఒక్కతే కూతురు, నాకన్నా ఐదేళ్లు చిన్నది. నోరు మూతపడదని అందరం దాన్ని చిలక అనేవాళ్లం.

చిలక బడి నుంచి నేరుగా కొట్టుకే వచ్చేది. కౌంటరు వెనక ఖాళీ అట్టపెట్టెల మధ్య చతికిలబడి హోంవర్కు చేసుకునేది. ఎవరైనా పిల్లను వెంట తీసుకురాకుండా గౌను కొనడానికి వస్తే పిన్ని దాన్ని లేపి, గౌను వీపుకు ఆనించి, "మీ అమ్మాయి మా దానికన్నా పొడుగా, పొట్టా?" అని అడిగేది.

ఒకరోజు చిలకకు విసుగొచ్చింది. "అన్నీ నా వీపుకే పెడతావేంటమ్మా? నన్ను కూడా అమ్మేస్తావా?"

"నిన్నెవరు కొంటారే? రెండు పూటలు తిండి పెట్టి, మా వల్ల కాదని వాళ్లే వాపసు తెచ్చిస్తారు."

గౌను కొనడానికి వచ్చిన ఆవిడ పడీ పడీ నవ్వింది. చిలక కూడా మూతి ముడుచుకుంటూనే నవ్వేసింది.

చిలక మూడో తరగతిలో ఉండగా జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. మెదడువాపు అని డాక్టర్లు తేల్చేసరికే చెయ్యి దాటిపోయింది. వారం తిరక్కుండా పిల్ల లేకుండా పోయింది.

నెల గడిచాక పిన్ని మళ్లీ పనిలోకి వెళ్లింది. సూపర్‌వైజరు మంచాయన. "పిల్లల మధ్య నీకు కష్టంగా ఉంటుందమ్మా. గిన్నెల విభాగానికి మారుస్తాను" అన్నాడట.

"వద్దండీ. ఇక్కడే ఉంటాను" అంది పిన్ని.

ఆ మాట విని అమ్మ ముక్కున వేలేసుకుంది. "రోజంతా ఆ గౌన్ల మధ్య ఎలా నిలబడుతుందో! దాని గుండె రాయి చేసుకుంది" అని కళ్లొత్తుకుంది.

చదువయ్యాక నేను కూడా పెద్దకొట్టులోనే పనికి కుదిరాను, పిన్ని పక్క కౌంటర్లో. మడతలు పెట్టడం, చిరాకు పడే తల్లులను మాటల్లో పెట్టడం, అన్నీ ఆవిడే నేర్పింది. కొత్త సరుకు వచ్చినప్పుడు మాత్రం పిన్ని ఒక పని చేసేది. పెట్టెలోంచి ఒక గౌను ఏరి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుని కాసేపు చూసి, మడిచి అరలో పెట్టేసేది. నాణ్యత చూస్తోందని అనుకునేదాన్ని.

నేను చేరిన ఏడాదే పిన్ని సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, ఆడవాళ్ల బట్టలుండే రెండో అంతస్తుకు మార్చమని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయాడు. "అప్పుడు పొమ్మంటే పోలేదు. ఇప్పుడేమొచ్చిందమ్మా? ఇక్కడెవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదండీ. పైకి మార్చండి, చాలు."

సాయంత్రం మెట్లు దిగుతూ నేను పట్టుబట్టి అడిగాను. పిన్ని రెయిలింగు పట్టుకుని ఆగింది.

"ఇక్కడున్నవేవీ ఇక దానికి పట్టవే" అంది. "పద్నాలుగు దాటుతున్నాయి. పొడుగు సాగే వయసు కదా."

పిన్ని ఏమీ జరగనట్టు మిగిలిన మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండో అంతస్తులో చాలా ఏళ్లు పనిచేసింది. నేను పెళ్లయ్యాక ఆ పని మానేశాను కానీ, ఆ వైపు వెళ్తే పిన్నిని చూడకుండా వచ్చేదాన్ని కాదు. "ఇది మరీ మెరుపులు, దానికి నచ్చదు" అనేది నాతో, ఇంకెవరూ వినకుండా. "ఈ మధ్య నా మాట అసలు వినట్లేదనుకో" అని నవ్వేది. నేనూ తలూపేదాన్ని.

ఊరి చివర కొత్త దుకాణాలొచ్చాయి. ఫోన్లోనే బట్టలు తెప్పించుకునే రోజులొచ్చాయి. పెద్దకొట్టు మూసేస్తున్నారని కాగితాలు అంటించాక మాత్రం జనం విరగబడ్డారు. "మా చిన్నప్పుడు ఇక్కడే కొనేవాళ్లం, ఎంత బాగుండేదో!" అంటూ ఫొటోలు తీసుకున్నారు. "ఇన్నాళ్లూ ఎటు పోయారమ్మా మీరంతా?" అని పిన్ని ఒకావిడను అడిగేసింది.

చివరి రోజు తోడుగా నేనూ వెళ్లాను. కొట్టు కట్టేసే వేళకు అంతస్తులో బోసిపోయిన హ్యాంగర్లు, మూలన పడేసిన, బట్టలు తొడిగే బొమ్మలు తప్ప ఏమీ లేవు. పిన్ని కౌంటరుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. లేవమంటే లేవలేదు.

కాసేపటికి బాబాయి మెట్లెక్కి వచ్చాడు. చిలక పోయాక ఆయన ఆ కొట్టు గడప తొక్కలేదు. ఎదుటి పేవ్‌మెంటు మీదే నిలబడి పిన్ని కోసం చూసేవాడు.

"కింద తాళాలేస్తున్నారు. రావేంటి?"

"అమ్మాయినిక్కడ వదిలేసి ఎలా రానండీ?"

బాబాయి బిత్తరపోయి నా వంక చూశాడు. మెట్ల మీద పిన్ని నాతో అన్న మాట చెప్పాను. ఆయన బోర్లించిన పెట్టె మీద కూలబడ్డాడు.

"మర్చిపోవడానికి ఇక్కడికొస్తున్నావనుకున్నాను" అన్నాడు చివరికి. "అందుకే ఇంట్లో దాని ఊసెత్తలేదు. నాతో ఒక్కమాట అనకపోయావా? నా దగ్గర అదింకా మూడో తరగతిలోనే ఉండిపోయింది."

పిన్ని అప్పుడు ఏడ్చింది. అన్నేళ్లలో ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు. బాబాయి చెయ్యి పట్టుకుని లేవదీసి, మెల్లగా కిందికి దించాడు.

కొన్ని నెలల తర్వాత, మార్పుగా ఉంటుందని నేనే పిన్నిని ఒక కొత్త షాపుకు తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి ఎదురొచ్చి, "ఎవరికి కావాలి మేడమ్? వయసెంత ఉంటుంది?" అని నవ్వుతూ అడిగింది.

పిన్ని నోరు తెరిచి ఆగిపోయింది. బట్టల వరుసలకేసి ఒకసారి చూసింది.

"తెలీదమ్మా" అంది.

దారిలో నా చెయ్యి పట్టుకుని, "అక్కడ మూసేశాక అదేమైందో నాకు తెలియట్లేదే" అంది.

ఆ తర్వాత పిన్ని ఏ బట్టల షాపుకూ రాలేదు. ఆవిడకు కావలసినవి నేనే కొని పట్టుకెళ్తాను. కొలత చూసుకో పిన్నీ, కావాలంటే మార్చుకొస్తానంటే, "సరిపోతాయిలే" అంటుంది, పొట్లం విప్పకుండానే.