పెద్దనాయన మింగిన సగం మాట

పోయిన నెల మా చిన్నల్లుడికి గుండెపోటు వచ్చి కర్నూలులో స్టెంటు వేసినప్పుడు, కూతురి వయసున్న ఒక డాక్టరమ్మ కంప్యూటరు తెరను మంచం దగ్గరికి తిప్పి, ఇది మూసుకుపోయిన నాళం, ఇది తెరిచాక, ఇదిగో రక్తం చివరిదాకా ఎట్లా పారుతోందో చూడండని అతనికే నింపాదిగా చూపించింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెకు దండాలు పెట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆమె మీద కాదు. కడుపులో ముప్పై ఏళ్లుగా ఆరని నిప్పును ఆమె తెలియక ఊదింది, అంతే. ఇంట్లో ఈ ప్రస్తావన తెస్తే ఇంకా ఎన్నాళ్లు మోస్తావంటారు. నా ఈడువాళ్లకైతే అర్థమవుతుందని రాస్తున్నాను.

తొంభైల నడిమి సంగతి. నేను వనపర్తిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాను. మా అన్న గద్వాలలో చీరలు నేసేవాడు. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. రెంటినీ పోగుకు పోగు కలుపుతూ పేక దారాన్ని అటూ ఇటూ నడిపే మూడు నాడెలతో నేయాలి గనుక గుంత మగ్గం మీద ఇద్దరు కూర్చోవలసిందే. అన్న పక్కన వదిన తమ్ముడు కూర్చునేవాడు. ఒకడు లేస్తే రెండోవాడి పని కూడా ఆగినట్టే. అందుకే ఒక పొద్దున ఛాతీలో మంటగా ఉందని అన్న చెప్పినా, సోడా తాగించి, వాము నమిలించి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఒళ్లంతా చెమటలు పట్టి పడిపోయాక గానీ కర్నూలు తీసుకుపోలేదు. అక్కణ్ణుంచి హైదరాబాదు పంపారు. నేను సెలవు పెట్టి చేరుకునేసరికి బెలూనుతో నాళం తెరిచేశారు.

నాన్న మా చిన్నప్పుడే పోవడంతో మమ్మల్ని పెంచింది పెద్దనాయన. డాక్టరుతో మాట్లాడేది ఆయన ఒక్కడే, మిగతావాళ్లం వరండాలో నిలబడాలి. ఆ ఇంట్లో పది ముక్కలు చదువుకున్నవాణ్ణి నేనే కదా అని ఆయన వెంట వెళ్లబోతే, "చిన్నోనివి, ఆడ్నే ఉండు" అని ఇంత ఎత్తున చెయ్యి అడ్డం పెట్టాడు. వదిన ముందు, వదిన తమ్ముడి ముందు ఆ మాట అన్నాడు. బయటికొచ్చి, "తెరుసుకున్నదట. ఇగ రంది లేదు" అన్నాడు. వదిన అక్కడే కూలబడి ఏడ్చింది, సంతోషంతో. మేమందరం ఆ మాటనే పట్టుకుని ఇంటికొచ్చాం.

నెల తిరగకముందే మంచిరోజు చూసి అన్నను మగ్గం ఎక్కించారు. గుంతలో కాళ్లు పెట్టి పది తొక్కులు తొక్కేసరికే ఊపిరి అందక రెండు చేతులూ చాపి ఆగిపోయేవాడు. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. ఆ బెలూను మాట పట్టుకుని వదిన తమ్ముడు నవ్వేవాడు. "బావా, బుగ్గ ఊదిచ్చుకొని వస్తివి గద, అప్పుడే గాలి దిగిందా ఏంది?" చూడవచ్చిన ప్రతివాడూ నాళం తెరిచాక కూడా ఈ ఆయాసమేమిటని ఆరా తీసేవాడు, దాని వెనక ఇది రోగం కాదు, ఒళ్లు బరువు అన్న అర్థం ఉండేది. వాళ్లెవరెవరో, ఏ మాట ఎవరన్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. అన్న ఎవరికీ బదులు చెప్పేవాడు కాదు. అదే నాకు ఇంకా చిరాకు.

ఒక ఆదివారం వనపర్తి నుంచి వెళ్తే మగ్గం పక్కనే గోడకు ఆనుకుని, పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఎవరినీ అడగకుండా బస్సెక్కించి హైదరాబాదు తీసుకుపోయాను. డాక్టరు నన్నే కసిరాడు. "పెద్ద నాళం తెరుచుకుంది గానీ, దాని అవతలి సన్న నాళాల్లోకి రక్తం సరిగా పోవడం లేదు, మీరు ఆలస్యంగా వచ్చారు, గుండె కండరం దెబ్బతింది, కష్టమైన పని చేయించొద్దు అని మీ పెద్దాయనకు ఆ రోజే చెప్పాను కదండీ." అయిజ దిక్కు కాలువకు తూములెత్తినా చివరి మళ్లకు చుక్క చేరని సంగతి చూస్తూ పెరిగినవాళ్లం, చెప్పి ఉంటే ఈ ముక్క మాకు అర్థం కాకపోయేదా?

గద్వాల చేరి పెద్దనాయనను అడిగాను. ఆయన తడుముకోలేదు.

"దవాఖాన గడప దాటుకుంట చెడ్డమాట మోస్కరావొద్దు. మోస్కొస్తే అది మనిషెంబడి ఇంటికొస్తది. చెప్తే ఏం జేస్తుంటివిరా?"

"మగ్గం ఎక్కనియ్యకపోతుంటి, పెద్దనాయనా."

అంతే. తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆయనతో మాట్లాడలేదు.

అన్న ఆ పైన నాలుగేళ్లున్నాడు. ఆడవాళ్ల పక్కన కూర్చుని నాడెల్లోకి దారం కండెలు చుట్టేవాడు, దానికీ ఎగతాళి చేసినవాళ్లున్నారు. ముందునుంచే విశ్రాంతి ఇచ్చి ఉంటే ఇంకా ఎన్నాళ్లుండేవాడో ఎవరు చెప్పగలరు?

పెద్దనాయన పోయాక, పదోరోజు వంటల దగ్గర వదిన కళ్లెత్తకుండా చెప్పింది. బెలూను వేసిన మర్నాడే డాక్టరు మంచం దగ్గరికొచ్చి అన్నకు కూడా అంతా చెప్పాడట. "పెద్దనాయన నోట అబద్ధం పడొద్దన్నడు. నీకు తెలిస్తే కొట్లాటకు పోతవని నాతోని ఒట్టేపిచ్చుకున్నడు." అంటే పెంచినవాణ్ణి అబద్ధాలకోరును చేయలేక, తెలిసి తెలిసి గుంతలో కాళ్లు పెట్టాడు. నేను ఒక మనిషి మీద అన్నేళ్లు పెట్టుకున్న కోపాన్ని ఆమె ఒక్క మాటతో రెండు చేసింది. అన్న మీద కోపగించుకోవడం నాకు చేతకాదు, ఊరుకోవడం అంతకంటే చేతకాదు.

ఈ కాలం మేలు. రోగికే తెర మీద చూపించి చెప్తున్నారు, మధ్యలో మోసుకొచ్చే పెద్దలతో పనిలేదు, నేను కాదనను. కానీ తెర చూపేది లోపలి నాళాలనే, మనిషి దాచుకున్న మాటను కాదు. వదినకు డెబ్బై దాటింది. కాళ్లు ఉబ్బుతున్నాయని మా చెల్లెలి ద్వారా విని నిన్న ఫోను చేస్తే, మంచిగనే ఉన్న, నీకెందుకు పరేషాన్ అంది. ఆ మాటను నమ్మడం నేను మానేసి ఎంతో కాలమైంది. రేపు పొద్దున బస్సుకు గద్వాల పోతున్నాను.