సీసా కింద పెట్టు

మా ఇంటి ఓనరు రాజనర్సయ్య గారు ఏ మనిషి ఎదురుపడినా ముందుగా అనే మాట ఒకటే: "సీసా కింద పెట్టు." చేతిలో సీసా ఉన్నవాడితో అంటే అర్థం ఉంది. సీసా లేనివాడితో కూడా ఆయన, ఎందుకైనా మంచిదని, ముందే అనేసేవారు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు, పాలవాడు, పెళ్లి శుభలేఖ పట్టుకొచ్చిన చుట్టాలు, అందరూ గుమ్మంలో ఆ మాట విని ఖాళీ చేతులు చూపించి లోపలికి వచ్చినవాళ్లే.

సీసా అంటే మామూలు సీసా కాదు, గోలీ సోడా సీసా. దళసరి ఆకుపచ్చ గాజు, నొక్కిపెట్టినట్టుండే మెడ, ఆ మెడలో గలగలమనే గాజు గోలీ. అవి ఆయన దగ్గర నాలుగు వందల పన్నెండు ఉండేవి. అది రెండువేల సంవత్సరం. అమీర్‌పేటలో మెట్ల కింద గూడు కూడా జావా కోర్సుకు వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకు అద్దెకిచ్చే రోజులు. అలాంటి రోజుల్లో రాజనర్సయ్య గారింట్లో వీధి వైపు ఉన్న అతి పెద్ద గది, రెండు కిటికీలతో, తిరిగే ఫ్యానుతో సహా, సీసాలది. ఫ్యాను ఎందుకండీ అని అడిగాను ఒకసారి. "గాజుకు ఉక్కపొయ్యదా?" అన్నారు.

నేను తణుకు నుంచి సూట్‌కేసుతో దిగిన రోజున ఆయన వరండాలో కూర్చుని ఎవరి ప్యాంటుకో కుట్లు విప్పుతున్నారు. ఆయనది సిరిసిల్ల. నేతపని కుటుంబం. పంజాగుట్టలో దర్జీ కొట్టు. ఇంటర్వ్యూలకు వెళ్లే కుర్రాళ్ల ప్యాంట్లలో సగం ఆయన చేతి మీదుగా వెళ్లినవే.

"సీసా కింద పెట్టు."

"నా దగ్గర సీసా లేదండీ."

"మంచిది. పేరు?"

"వంశీకృష్ణ అండి. జావా నేర్చుకోవడానికి వచ్చాను. గది ఉందన్నారు."

"గోలి సోడ తాగుడొస్తదా?"

ఇదేం ప్రశ్న అనుకుంటూనే వస్తుందన్నాను. ఆయన లోపలికి వెళ్లి నీళ్లు పోసిన గోలీ సీసా ఒకటి తెచ్చి, రెండు చేతులతో నా చేతుల్లో పెట్టారు. నేను ఎత్తి నోట్లోకి వంచాను. గోలీ టక్కున జారి మెడకు అడ్డం పడింది. చుక్క దిగలేదు. ఊపాను, పీల్చాను, తల ఇంకా వెనక్కి వాల్చాను. నా మెడ పట్టేసింది గానీ నీళ్లు రాలేదు.

"మీ తణుకుల సోడలు లేవా?"

"ఉన్నాయండీ. మా నాన్నగారు గ్లాసులో పోసి ఇచ్చేవారు."

"గందుకే ఖరాబైనవ్. సీసా కింద పెట్టు. ఇగో, మెడ మీద గీ రెండు నొక్కులు చూసినవా? తాగేటప్పుడు నొక్కులు కింది దిక్కుండాలె. గోలి గాడ ఆగుతది, సోడ దిగుతది. గింత తెల్వకుండ జావా ఎట్ల నేరుస్తవ్ బిడ్డా?"

పరీక్ష తప్పాను కదా అని సూట్‌కేసు అందుకున్నాను. ఆయన తాళంచెవి నా మీదికి విసిరారు. "ఫెయిలైనోనికే రూము కావాలె. పాసైనోడు ఏడనన్న బతుకుతడు," అని మళ్లీ కుట్లు విప్పుకోవడంలో పడ్డారు.

ఆ ఇంట్లో ఒక మధ్యాహ్నం దొంగ పడ్డాడు. రాజనర్సయ్య గారు భోంచేసి కునుకు తీస్తున్నారు. వాడు వంటింట్లోంచి కుక్కరు, హాల్లోంచి రేడియో సంచిలో వేసుకుని, పోతూ పోతూ కిటికీలో ఆరబెట్టిన సీసా మీద చెయ్యి వేశాడు. అంతే, ఆయన కళ్లు తెరిచి, పడుకునే, "సీసా కింద పెట్టు" అన్నారు. వాడు హడలిపోయి సీసా జాగ్రత్తగా కింద పెట్టి, కుక్కరుతో రేడియోతో గేటు దాటి వెళ్లిపోయాడు. ఆయన అటు తిరిగి పడుకున్నారు. సాయంత్రం ఆయన భార్య చంద్రావతి గారు లబోదిబోమన్నారు.

"కుక్కరు పాయె, రేడియో పాయె, నువ్వు చూసుకుంట పండుకున్నవా?"

"సీసా పెట్టిపోయిండు గదనే. మంచోడు."

ఆయనకు సీసా చరిత్ర చెప్పడమంటే ప్రాణం. వినేవాడు దొరికితే అన్నం చల్లారిపోయినా సరే. పద్దెనిమిది వందల డెబ్బైల్లో ఇంగ్లండులో కాడ్ అనే ఆయన ఈ సీసాను కనిపెట్టాడనీ, సోడాలో గ్యాసు లోపలి నుంచి గోలీని పైకి తన్ని మెడలోని రబ్బరు వాషరుకు బిగించేస్తుందనీ, ఇక బిరడా అక్కర్లేదు, మూత అక్కర్లేదనీ చెబుతూ చెబుతూ లేచి నిలబడేవారు. "ఎవ్వడు బిగించకుండ, లోపటి గాలే దాని తలుపు అది బిగించుకుంటది! గసొంటి సీసాను గోలి కోసం పలగ్గొట్టిన పోరగాండ్లున్నరు దునియాల. గాళ్లకు ఏ శిక్ష వెయ్యాల్నో నాకు సమజ్ కాదు," అనేవారు. చిన్నప్పుడు నేనూ రెండు పగలగొట్టాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ప్రతి సీసా మెడకు ఒక పట్టీ ఉండేది. దర్జీ కదా, గుడ్డ పట్టీ మీద నల్ల దారంతో అక్షరాలు కుట్టారు. "భిక్షపతి, ఎర్రగడ్డ." "ఓంప్రకాష్, బల్కంపేట." ఏ సీసా ఎక్కడ సంపాదించారో గుర్తు కాబోలనుకున్నాను. అడిగితే మీసం దువ్వి, "ఒక్కొక్కని దగ్గర ఒక్కొక్క తీర్ల గుంజుకొచ్చిన," అని గొప్పలు పోయేవారు. అన్నిటిలోకీ అందమైనది ఒక నీలం సీసా. దాన్ని కిటికీలో పెట్టి, పొద్దుటి ఎండ దానిలోంచి గోడ మీద పడుతుంటే చూస్తూ కూర్చునేవారు. దాన్ని ముట్టుకునే హక్కు చంద్రావతి గారికి కూడా లేదు.

ఇలాంటి గది మీద హనుమత్ప్రసాద్ గారి కన్ను పడింది. ఆయన ఎదురు బిల్డింగులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. మెట్ల మీద కూడా విద్యార్థులు కూర్చునేంత రద్దీ.

"ఏంటండీ రాజనర్సయ్య గారూ, ఖాళీ సీసాలకి గదేంటండీ! నా ముప్పై కంప్యూటర్లు పడతాయి అందులో."

"నీ కంప్యూటర్ల గోలి ఉంటదా?"

హనుమత్ప్రసాద్ గారు ఒక్క క్షణం ఆలోచించి, ఉత్సాహంగా, "ఉంటుందండీ! మౌసులో ఉంటుంది," అన్నారు. రాజనర్సయ్య గారు నివ్వెరపోయారు. ఆ మాటకు ఎదురు బిల్డింగు దాకా నడిచివెళ్లి, ఒక మౌసు తిరగేసి, మూత విప్పించి, లోపలి గోలీని అరచేతిలో వేసుకుని చూశారు. నొక్కి చూశారు. వాసన చూశారు. "రబ్బరుది," అని తిరిగి వాళ్ల చేతిలో పెట్టి ఇంటికొచ్చేశారు. ఆ రోజుతో సాఫ్ట్‌వేర్ మీద ఆయనకున్న కాస్త గౌరవం కూడా పోయింది.

హనుమత్ప్రసాద్ గారు ఊరుకునే మనిషి కాదు. మరుసటి ఏడు వేసవిలో కొత్త ఎత్తు వేశారు. ఆయన బావమరిది బంజారా హిల్స్‌లో రెస్టారెంటు పెడుతున్నాడు. సీసాలన్నీ అతను తీసుకుంటాడు, ఒక్కో సీసాలో ఒక్కో బల్బు పెట్టి పైకప్పు నుంచి వేలాడదీస్తాడు. గది ఖాళీ అవుతుంది, అందులోకి కంప్యూటర్లు వస్తాయి. చంద్రావతి గారికి ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా నచ్చింది.

"సీసాకు ఉరేస్తరా?" అన్నారు రాజనర్సయ్య గారు.

"శుక్రారం దాంక చూస్త," అన్నారు చంద్రావతి గారు. "గీ ఇంట్ల సీసాలన్న ఉండాలె, నేనన్న ఉండాలె. లేకుంటే మా అన్న ఇంటికి పోత."

"పో. మీ అన్న ఇంట్ల సీసాలకు జాగ లేదు. ఉంటే నేను సుత వద్దును."

ఇక్కడ నా సంగతి కాస్త సిగ్గుపడుతూ చెప్పాలి. అప్పటికి ఎక్కడి ఉద్యోగాలు అక్కడ ఆగిపోయి, జావా వచ్చి కూడా నేను ఖాళీగా ఉన్నాను. హనుమత్ప్రసాద్ గారు నన్ను పక్కకు పిలిచారు. "చూడు వంశీ, మా వాడికి ప్రతి సీసాకీ ఓ కథ కావాలంట, మెనూ కార్డులో వేసుకుంటాడు. పట్టీల మీద పేర్లు చూసి నువ్వు రాసిపెట్టు. మన ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్యాకల్టీగా తీసుకుంటాను." నాకు ఆశ పుట్టింది. రాజనర్సయ్య గారు కొట్టుకు వెళ్లిన సమయం చూసి గదిలో దూరాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అన్నిటికంటే ఎక్కువసార్లు ఒకే పేరు కనిపించింది. నలభై ఎనిమిదింటి మీద, చివరికి ఆ నీలం సీసా మీద కూడా, "లచ్చమ్మ, బోరబండ." మంచి కథ ఇక్కడే ఉంటుందని బోరబండ బస్సెక్కాను.

లచ్చమ్మ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. సోడా లచ్చమ్మ అంటే చిన్నపిల్లలు కూడా చూపించారు, ఆమె సోడా అమ్మడం మానేసి ఏడేళ్లయినా. ఇప్పుడు అమీర్‌పేటలోనే ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తోంది. ఆ పూట ఇంట్లోనే ఉంది. నేను రాజనర్సయ్య గారి పేరు చెప్పగానే గరిటె చేత్తోనే బయటికొచ్చింది.

"నా సీసాలు ఇంక ఉన్నయా?"

"ఉన్నాయమ్మా. అన్నీ ఉన్నాయి. ఫ్యాను కింద ఉన్నాయి."

ఆమె గడప మీద కూలబడింది. "మా ఆయనకు కాలు పడిపోయినంక బండి ఆగింది బిడ్డా. పెద్ద కంపెనీల డ్రింకులొచ్చె, మన సోడ ఎవలడుగుతరు? పాత సామానోనికి ఏస్తుంటె గా దర్జీ అన్న అడ్డమొచ్చిండు. సీసాలు కొంటున్న అని పైసలు చేతుల పెట్టిండు. మల్ల ఏమన్నడు, 'లోకం ముంగట కొన్నట్టు. నీకైతే దాసినట్టు. మల్ల బండి పెట్టిన నాడు వచ్చి తీస్కపో' అన్నడు. మనసు నిమ్మలం చేస్తందుకు ఏదో అన్నడనుకున్న. నిజంగనే దాసిండా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆ పట్టీలు ఎక్కడి నుంచి గుంజుకొచ్చారో చెప్పే గుర్తులు కావు. ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే చిరునామాలు. సోడా తాగినవాడు సీసా పట్టుకుపోడు. బండి దగ్గరే నిలబడి తాగి, బండివాడి చేతికిచ్చి కదులుతాడు. ఈయన నాలుగు వందల పన్నెండు సీసాలు పట్టుకుని ఏళ్ల తరబడి ఆ బండి దగ్గరే నిలబడి ఉన్నారన్న మాట. వాటి కథలు మెనూ కార్డుకు అమ్మజూపినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"మరి బండి ఎందుకు పెట్టలేదమ్మా?"

"సోడ కొట్టే మిషను మంచం కిందనే ఉన్నది. సీసాలు లేకపాయె."

"శుక్రవారం రండి," అన్నాను.

శుక్రవారం నాటికి రంగం సిద్ధమైంది. గుమ్మం బయట రెస్టారెంటు మనుషులు అట్టపెట్టెలతో, గేటు దగ్గర హనుమత్ప్రసాద్ గారు, హాల్లో చంద్రావతి గారు బట్టల సంచితో. గది తలుపుకు అడ్డంగా రాజనర్సయ్య గారు, మెడలో టేపు, చేతిలో దారం ఎక్కించిన సూది.

"సీసా ముట్టినోని చెయ్యి వాని జేబుకే కుట్టేస్త! ముందల ఎవడొస్తడో రాండ్రి!"

ఎవరూ రాలేదు. అంతలో వీధిలో తోపుడుబండి చప్పుడైంది. లచ్చమ్మ గేటు తోసుకుని వచ్చి, "అన్నా, బండి పెడుతున్న," అంది.

రాజనర్సయ్య గారు సూదిని చొక్కా కాలరుకు గుచ్చుకుని, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచారు. ఒక్కో సీసా తీసి, పట్టీ చదివి, టేపు కొసతో తుడిచి, ఆమె చేతికి అందించారు. నలభై ఏడూ అయ్యాక కిటికీ దగ్గరికి వెళ్లి నీలం సీసా తెచ్చారు. అది కాస్త ఎక్కువసేపు తుడిచి, అదీ ఇచ్చేశారు.

"ఏంటండీ ఇది అన్యాయం!" అన్నారు హనుమత్ప్రసాద్ గారు. "మేం అడిగితే సూది చూపించారు. ఈవిడకి ఊరికే ఇచ్చేస్తున్నారా?"

"ఇస్తలేను. వాపస్ చేస్తున్న."

చంద్రావతి గారు సంచి దించి భర్త వంక చూశారు. "గీ ముచ్చట నాకు మొదలే చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు వాడంత చెప్తవ్. మల్ల నేను పుణ్యాత్ముని లెక్క మొకం పెట్టుకొని తిరగాలె. నాతోని కాదు."

ఆవిడ సంచి విప్పి చీరలు మళ్లీ బీరువాలో సర్దుకున్నారు. హనుమత్ప్రసాద్ గారు మాత్రం ఆశ వదల్లేదు. "పోనీ, మిగతావైనా..." అన్నారు. "ఇంక మూడు వందల అరవై నాలుగున్నయ్," అన్నారు రాజనర్సయ్య గారు, "గా బండ్లోళ్లు రావద్దా?" అని తలుపు మూసి, మళ్లీ తెరిచి, ఫ్యాను స్పీడు పెంచి, తలుపు మూశారు. నా ఫ్యాకల్టీ ఉద్యోగం ఆ తలుపు వెనకే ఉండిపోయింది. దాని గురించి నేను ఎప్పుడూ బాధపడలేదు.

మరుసటి సోమవారం లచ్చమ్మ బండి సరిగ్గా ఇన్‌స్టిట్యూట్ గుమ్మం ముందే పెట్టించారు రాజనర్సయ్య గారు. ఎండకు మాడిన జావా కుర్రాళ్లు క్యూ కట్టారు. క్యూలో హనుమత్ప్రసాద్ గారు కూడా ఉన్నారు. ఆయనకు గోలీ అడ్డం పడి చుక్క దిగకపోతే, నేనే వెళ్లి నొక్కులు ఎటు ఉండాలో చూపించాను.

మొదటి సోడా మాత్రం లచ్చమ్మ నీలం సీసాలో కొట్టి రాజనర్సయ్య గారికే ఇచ్చింది. ఆయన బొటనవేలితో గోలీ నొక్కారు. కీచుమంది. నొక్కులు కిందికి పెట్టి, ఒక్క చుక్క ఒలక్కుండా తాగారు. తాగి, సీసాను ఎండకేసి ఎత్తి చూస్తూ నిలబడ్డారు. నిమిషమైంది. రెండు నిమిషాలైంది. వెనక క్యూ పెరుగుతోంది. ఆయన కదలరు, సీసా వదలరు.

"అన్నా," అంది లచ్చమ్మ, "తాగినవ్ గదా. సీసా కింద పెట్టు."

రాజనర్సయ్య గారు ఆమె వంక చూశారు, నా వంక చూశారు, బండి మీది పెట్టెలో ఆ సీసా ఖాళీ చేసిన జాగా వంక చూశారు. తర్వాత దాన్ని మెల్లగా అందులో పెట్టి, మీసం తుడుచుకున్నారు.

"ఇంకోటి కొట్టు," అన్నారు.